గరుకు చెయ్యి

"కాదు మనవరాలా, కొళాయే మాట్లాడుతుంది. అట్లే రాయి. నీ మనవలు పెద్దోళ్ళయ్యే కాలంలే అది," అంది అవ్వ, కథ చెప్పి రాయిస్తూ.

ఆ కాలానికి అనంతపురంలో ప్రతి కొళాయికీ, షవరుకీ మూతి దగ్గర ఒక బిళ్ళ ఉండేది. దాని పేరు మితధార. నీళ్ళలో గాలి కలిపి వదిలేది. ధార సన్నదే అయినా చేతికి నిండుగా తగిలేది. కింద పెట్టిన చెయ్యి ఎలాంటిదో సెన్సరుతో పోల్చుకుని, మురికి వదిలేదాకా నీళ్ళిచ్చి ఆగిపోయేది. ఊళ్ళోని బిళ్ళలన్నీ ఒకదానితో ఒకటి మాట్లాడుకునేవి కూడా. వాటిని కనిపెట్టినవాడు ఓబులేసు, పైపులు బిగించే పని నుంచి ఇంజినీరుదాకా ఎదిగిన మనిషి. ఎవరికి ఎంత నీళ్ళు కావాలో ఇంటివాళ్ళకే బాగా తెలుస్తుందని, ఆ ఏర్పాటు వాళ్ళకే వదిలేశాడు. అదే అతను చేసిన తప్పు.

ఒకరోజు విఠల్‌రావు ఫోను చేశాడు. నీళ్ళ పొదుపులో ఊరికంతటికీ మొదటి బహుమతి కొట్టేసిన అపార్ట్‌మెంటుకు ప్రెసిడెంటు ఆయన.

"ఏం సార్, మీ బిళ్ళ మా అమ్మను చంపేటట్టుందే! మంచం మీదుండే మనిషి. ఒకటే వాంతులు, బేదులు. నీళ్ళలో ఏముందో వచ్చి చూడండి."

ఓబులేసు హడావిడిగా వెళ్ళాడు. గదిలో ముసలామె ఎండిన పెదాలతో పడుంది. ఆమెను చూసుకునే తిరుపాలమ్మ బెడ్‌పాను బయటికి తీసుకుపోతోంది. వంటింటి నీళ్ళు పరీక్షించాడు. శుభ్రంగా ఉన్నాయి. సింకు కింద పైపు విప్పి చూశాడు. అందులోనూ ఏమీ లేదు, తన చేతులకు అంటిన నల్లటి జిడ్డు తప్ప. కడుక్కుందామని కొళాయి కింద పెట్టాడు.

చుక్క రాలేదు.

"గరుకు చేతుల కొళాయి కింద సెల్లారులో ఉందండీ," అంది కొళాయి, ఎంతో మర్యాదగా.

విఠల్‌రావు నాలుక కరుచుకున్నాడు. "అయ్యో, మీకు కాదు సార్, పనోళ్ళకు! ఉండండి, మీ చెయ్యి కూడా లిస్టులో ఎక్కిస్తా."

"ఎవరు పెట్టమన్నారు ఈ రూలు?" ఓబులేసు కొళాయినే అడిగాడు.

"అసోసియేషను వాళ్ళండీ. ధార చాలట్లేదని షవర్లలో బిళ్ళలు పీకేశారు కదా. బహుమతి రావాలంటే, అక్కడ ఎక్కువ పోయే నీళ్ళు ఇంకెక్కడో మిగలాలి. గరుకు చేతుల దగ్గర మిగులుతున్నాయి."

గోడ మీద బహుమతి ఫోటో ఉంది. అందరూ తెల్లచొక్కాల్లో నవ్వుతున్నారు. ఓబులేసు తిరుపాలమ్మ వైపు తిరిగాడు.

"పెద్దామెకు అన్నం తినిపించేదెవరమ్మా?"

"నేనే సామీ."

"చేతులు యాడ కడుక్కుంటావు?"

ఆమె విఠల్‌రావు ముఖం చూసింది.

"కిందికి పోవల్ల. లిఫ్టు ఎక్కనీరు. పెద్దామెకు అయినప్పుడల్లా అన్ని మెట్లు దిగి ఎక్కల్లంటే మోకాళ్ళు రావద్దా సామీ? కొంగుకు తుడుసుకుంటా. ఆ కొంగు మాత్రం ఏం బాగుంటాదిలే."

విఠల్‌రావుకు తల్లి నోట్లోకి పోయిన ముద్దలన్నీ గుర్తొచ్చాయేమో, నోరు మూసుకుని సింకు దగ్గరికి పరుగెత్తాడు. కక్కుకున్నాడు. మెత్తటి చెయ్యి. కొళాయి ధారగా పోసింది.

మూతి తుడుచుకుంటూ ఓబులేసు పక్కకొచ్చి గొంతు తగ్గించాడు.

"ఒక్క సాయం సార్. అమ్మకు తినిపించే ముందర మాత్రం ఈమెకు నీళ్ళొచ్చేటట్టు పెట్టగలరా? మిగతా టయంలో వద్దు. అలవాటైపోతుంది."

ఓబులేసు రెంచి తీసి, కొళాయి మూతి నుంచి తను కనిపెట్టిన బిళ్ళను తనే ఊడబెరికాడు. నీళ్ళు బుసబుసా దూకాయి.

"రా అమ్మా," అన్నాడు.

తిరుపాలమ్మ మోచేతులదాకా రుద్దిరుద్ది కడుక్కుంది. ఆ పక్కనే అతనూ చేతులు పెట్టాడు. వెనకనుంచి విఠల్‌రావు మొత్తుకుంటూనే ఉన్నాడు: "వృథా సార్! నీళ్ళన్నీ వృథా!"

"అంతే మనవరాలా. ఇది మీ చిన్నత్తకు ఫోన్లోనైనా చదివి వినిపించు. వాళ్ళింట్లో పనామె గ్లాసు ఇంకా బాత్రూం కిటికీలోనే ఉంది."