ఉడుకుబుగ్గలో మట్టె

బతుకమ్మ పండుగ కోసం గునుగు పూలకు రంగు అద్దుకున్న పిల్ల, ఆ రంగు ఆరకముందే ఇల్లు విడిచి పోతుందా?

పదేళ్లుగా ఏఎస్ఐ భోజన్నను తొలిచిన అనుమానం ఇదే. దేవుడి ముందు దీపం పెట్టేటప్పుడు కూడా గుర్తొచ్చేది. ఆ దేవుణ్నే అడిగేవాడు.

మిస్సింగ్ కేసు. పేరు నవత. బోధన్ దగ్గర ఒక చెరుకు పల్లె కోడలు. పండుగ ఆఖరి రోజు, సద్దుల బతుకమ్మ నాడు పొద్దున ఆరు గంటలకు ధర్మాబాద్ బస్సెక్కి ఎవరితోనో పోయిందని భర్త రంజిత్ స్టేట్‌మెంట్ ఇచ్చాడు. ఊరు నమ్మింది. ఫైలు మూలపడింది.

వేల్పూర్‌లో ఉండే నవత తల్లి హన్మవ్వకు మాత్రం ఆ మచ్చ అంటుకుంది. లేచిపోయినదాని తల్లి అన్నారు. బీడీలు చుట్టే తోటి ఆడవాళ్లు తమ చాట ఆమె పక్కన పెట్టడం మానేశారు.

మంగళవారం పొద్దున స్టేషన్‌కు ఫోన్ వచ్చింది. చేసింది అఖిల. హైదరాబాద్ నుంచి వచ్చిన జియాలజిస్టు.

ఆ పల్లె చివర, చెరుకు తోటల మధ్య ఉడుకుబుగ్గ ఉంది. నేలలోంచి వేడినీళ్లు ఉబికే ఊట. ఆ నీళ్లలోని సున్నం ఒడ్డున పొర మీద పొరగా పేరుకుని పెచ్చు కడుతుంది. భోజన్న వెళ్లేసరికి అఖిల ఆ పెచ్చును పలకలుగా కోసి పరీక్షిస్తోంది.

"మార్స్ మీద కూడా ఒకప్పుడు ఇలాంటి ఊటలు ఉండి ఉండొచ్చు సార్. అక్కడ జీవం ఉండి ఉంటే, దాని గుర్తు ఇలాంటి పెచ్చులోనే దాగి ఉండొచ్చు. ఏది ఎలా మిగులుతుందో ముందు ఇక్కడ చూసి నేర్చుకుంటున్నాం."

"గా గ్రహం మా స్టేషన్ లిమిట్స్‌ల లేదు గదమ్మా," అన్నాడు భోజన్న.

ఆమె నవ్వలేదు. చేతిలోని పలక తిప్పి చూపింది.

తెల్లటి రాయి. అందులో సగం కూరుకుపోయిన వెండి మట్టె. దాని మీద చేప బొమ్మ.

సాయంత్రం నాలుగు గంటలకు భోజన్న అందరినీ బుగ్గ దగ్గరికి పిలిపించాడు. రంజిత్, అతని తల్లి భూమవ్వ, హన్మవ్వ.

హన్మవ్వ మట్టెను వేలితో తడిమింది. "నా బిడ్డదే సారు. పెండ్లికి నేనే చేపిచ్చిన."

రంజిత్ విసుక్కున్నాడు. "అయితే ఏంది సార్? రోజూ గీడనే బట్టలు పిండేది. ఎప్పుడో జారిపడ్డది. పోయినదాన్ని పట్టుకురారు గని, రాళ్లు ఏరుతున్నరా?"

"పోకముందే పడ్డదంటవు?"

"అంతే గద."

"పొద్దున ఆరింటికి పోయింది?"

"పదేండ్ల సంది గదే చెప్తున్న."

"పక్కానా?"

"పక్కా."

భోజన్న భూమవ్వ వైపు తిరిగాడు. "అవ్వా, మీ ఊర్ల బతుకమ్మను యాడ ఏస్తరు?"

"చెర్వుల."

"బుగ్గల ఏయరా?"

"బుగ్గల ఎవలేస్తరు సారు? కరువొచ్చిన ఒక్క యేడే ఏసినం. చెర్వుల సుక్క నీళ్లు లేకుండె."

"ఏ యేడు?"

"నవత పోయిన యేడే."

"ఏ యాళ్లకు?"

"సద్దుల ఒక్కనాడే, మాపటీలి. పొద్దు గూకినంక."

భోజన్న పలకను ఆమె చేతికిచ్చాడు. "మట్టె కింద ఏమున్నదో సూడు."

ఆమె కళ్లకు దగ్గరగా పెట్టుకుంది. బతుకమ్మలో పేర్చే తంగేడు రేకులు. గునుగు కంకులు. ఒక్కో రేకు ఈనెతో సహా సున్నంలో అచ్చుపడి ఉంది.

"అందరం మట్టెనే సూసినం," అన్నాడు భోజన్న. "దాని కింద సూడలే. రంజిత్, ముందే పడితే మట్టె పూల కింద ఉండాలె. ఇది పూల మీద ఉన్నది. పొద్దున బస్సెక్కిన పిల్ల మట్టె, మాపటీలి ఏసిన పూల మీదికి ఎట్లొచ్చింది?"

"తర్వాత ఎవలో... పడేసి ఉంటరు..."

"లేదు," అంది అఖిల. "పూలు కుళ్లకముందే పడింది. రెండింటినీ ఒకే పొర కప్పింది."

భూమవ్వ కొడుకు వైపు తిరిగింది. "పోయిందని నాకు గూడ నువ్వే చెప్తివి గద కొడుకా."

రంజిత్ మాటలు ముక్కలు ముక్కలుగా వచ్చాయి.

"పండుగకు తల్లిగారింటికి పోత అన్నది. వద్దన్న. ఇనలే. తెల్లారకముందే తోటల కొట్టంల ఏసి తాళం పెట్టిన. ఇంట్ల పోయిందని చెప్పిన. మాపటీలి కొట్టం మీది ఇనుప రేకు ఊడబీకి ఉరికింది. గీడ దొరికింది. కొట్టిన. తల పెచ్చుకు తాకింది. మల్ల లేవలే."

"పూలేసిన ఆడోళ్లు?"

"అప్పటికే ఇండ్లకు పోయిండ్రు. కాలు పట్టి తోటలకు గుంజుకపోయిన. మట్టె ఊడింది సూస్కోలే."

బుగ్గ బుడబుడమంటూనే ఉంది. భూమవ్వ పలకను హన్మవ్వ ఒళ్లో పెట్టి, ఆమె కాళ్ల దగ్గరే కూర్చుండిపోయింది.

మర్నాడు తహసీల్దార్ ముందు, రంజిత్ చూపిన చోట చెరుకు తోట గట్టు తవ్వారు. ఎముకలు దొరికాయి. పోస్టుమార్టం, డీఎన్ఏ రిపోర్టు అన్నీ పూర్తయ్యాక తెల్లగుడ్డలో మూటకట్టి తల్లికి అప్పగించారు.

హన్మవ్వ వెంట ఒక గంప తెచ్చుకుంది. పసుపు కలిపిన బియ్యం, రవికె ముక్క, ఎండు కొబ్బరి కుడుక. పెళ్లయిన బిడ్డ ఒడిలో పుట్టింటివాళ్లు పోసే ఒడిబియ్యం. పెళ్లయిన మూడో ఏట, పండుగకు బిడ్డ ఇంటికొస్తే పోయాలనుకున్నది. ఆ పండుగకే బిడ్డ రాలేదు. లేచిపోయిందని పేరుపడ్డ బిడ్డకు ఏ తల్లి ఒడి నింపుతుంది?

భోజన్న చెప్పులు విడిచి పక్కన నిలబడ్డాడు. మూట ముడి విప్పాడు.

"గీ బాకి నాకాడనే ఉండిపాయె బిడ్డా," అంది హన్మవ్వ.

రెండు చేతులా బియ్యం తీసి, ఆ మూటలో ఐదు దోసిళ్లు పోసింది. తర్వాత గుడ్డ అంచులు దగ్గరికి తీసి, బిడ్డ కొంగు ముడేసినట్టే ముడేసింది.