ఉప్పు లారీలో పక్క సీటు

ఉప్పు కొటార్ల నుంచి చీరాల వెళ్లే దారిలో లారీ ఇంజను మళ్లీ ఆగిపోయింది. డాష్‌బోర్డు మీది నాడిపలక ఒక్కసారి రెప్ప వేసి, మళ్లీ పచ్చగా వెలుగుతూ, "లోపం లేదు" అంది.

"ఇది నాలుగోసారి సైదమ్మా," అన్నాడు ఏసోబు స్టీరింగు వదిలేసి. కాసేపాగి తాళం తిప్పితే ఏమీ ఎరగనట్టు స్టార్టయింది.

నాడిపలకలు వచ్చాక బండ్లు దారిలో ఆగడం మానేశాయి. ఏ భాగం ఎప్పుడు పోతుందో అవి వారం ముందే చెప్పి మార్పించేస్తాయి. మెకానిక్ సైదమ్మ షెడ్డుకి తాళం పడి పదకొండేళ్లయింది. బండి బాగయ్యేదాకా కబుర్లు చెబుతూ కూర్చునే జనం కూడా ఆ తాళంతోనే పోయారు. అప్పట్నుంచి ఆమె ఇంట్లో రేడియో తప్ప మాట్లాడేవాళ్లు లేరు.

పలకకి అంతుపట్టని జబ్బయితే మాత్రం నియమం ప్రకారం మనిషిని పిలవాలి. అలా ఈ లారీకి సైదమ్మని పిలిచారు. ఆ మనిషి మూడు రోజులు బండిలోనే తిరిగి కారణం పట్టుకోవాలి. లేకపోతే బండి తుక్కుకి పోతుంది. ఈ పాత డీజిల్ లారీ పోతే, అరవై రెండేళ్ల ఏసోబు చేతికి ఇంకో బండి ఇచ్చేవాళ్లు లేరు.

నిజానికి కారణం మొదటి రోజు మధ్యాహ్నమే సైదమ్మకి దొరికింది. ఇంజనుకి డీజిల్ వదిలే వాల్వు వైరు ఉప్పుగాలికి చిలుమెక్కింది. గతుకు తగిలితే కరెంటు తెగి డీజిల్ ఆగిపోతోంది. నాడిపలకకీ ఆ వైరు నుంచే కరెంటు. ఇంజను ఆగిన క్షణాన అది కూడా కళ్లు మూసేది కాబట్టి దానికేమీ కనబడలేదు. ఐదు నిమిషాల పని.

చెబుదామనే తలెత్తింది. అప్పటికే ఏసోబు క్యారేజీ విప్పి, మూతలో ఆమెకి అన్నం, నెత్తళ్ల చేపల పులుసు వడ్డిస్తున్నాడు.

"దొరికిందా?"

"ఇంకా లేదన్నా."

రెండో రోజంతా ఆయన, చనిపోయిన తన భార్య పాడే పాటల గురించి చెప్పాడు. సైదమ్మ తన షెడ్డు సంగతులు చెప్పి, తనే పగలబడి నవ్వింది. సాయంత్రం అడిగితే మళ్లీ అదే మాట అంది. సిగ్గేసింది. రేపు ఎలాగూ చేసేస్తాను కదా అనుకుంది.

మూడో రోజు పొద్దున్నే వైరు గీకి బిగించింది. అంతలో పలక ఎర్రబడింది.

"మాటలు విన్నాను. నిపుణురాలు రెండుసార్లు లేదన్నారు, ఇక మూడో రోజు అక్కర్లేదు. చికిత్స లేదని తీర్పయింది. బండిని తుక్కు యార్డుకి అప్పగించండి."

"దొరికింది. బాగు చేశాను," అంది సైదమ్మ.

"విచారణ ముగిసింది."

పలకని తయారు చేసినవాళ్లు యంత్రం చేయగల తప్పులన్నీ ఊహించారు. పక్కన మనిషి ఉంటే చాలని ఒక మెకానిక్ అబద్ధమాడుతుందని మాత్రం వాళ్లకి తోచలేదు.

"ఎప్పుడు దొరికింది?" అన్నాడు ఏసోబు.

"మొన్న మధ్యాహ్నమే. చెబితే దిగిపోవాల గదన్నా."

ఏసోబు స్టీరింగు పట్టుకున్నాడు.

"అడిగుంటే రోజూ ఎక్కించుకునేవోణ్ణి గదమ్మా," అన్నాడు.

సైదమ్మ కొంగుతో మొహం కప్పుకుంది. ఆయన తాళం తిప్పాడు. యార్డు నలభై కిలోమీటర్లు. గతుకు వచ్చినప్పుడల్లా ఇద్దరూ ఇంజను వైపు చెవి పెట్టారు. అది ఎక్కడా ఒక్కసారి కూడా ఆగలేదు.