గొడుగు కప్ప

"నెల కిందట ఎనిమిది వేలన్నారు. పోయిన వారం పది. ఇవాళ పన్నెండా? అది కప్పా, బంగారమా?"

మైథిలి చేతిలోని గొడుగు నుంచి ఇంకా నీళ్ళు కారుతున్నాయి. తెలుగు నేతగాళ్ళు వలసొచ్చి స్థిరపడ్డ ఉధ్నాలో, స్టేషన్ రోడ్డు మీద జనమంతా వానకి పరుగులు పెడుతుంటే, ఈ అమ్మాయి మాత్రం మొబైల్ కవర్ల కొట్టు ముందు నిలబడి తీరిగ్గా పోట్లాటకి దిగింది.

కౌంటర్ వెనక సుమన్ నవ్వాపుకున్నాడు. కవర్లు అమ్మడం అతని బతుకుతెరువు. అరుదైన చిన్న చిన్న బొమ్మలు కొని అమ్మడం అతని పిచ్చి.

"కంపెనీ గొడుగు వట్టుకున్న గీ కప్ప బొమ్మల్ని ఐదు వందలే చేసి బంద్ వెట్టింది మేడమ్. అండ్ల సీల్ తియ్యనియి ఎన్నుంటయ్? అడిగెటోళ్లు వందమంది, అమ్మెటోడు ఒక్కడు. రేటు పెరగకుంటె ఏమైతది?"

"మా గుంటూర్లో పాత సరుక్కి డిస్కౌంట్ ఇస్తారండీ."

"మా నాయిన నేసే బట్టకైతె గంతే. పాతవడితె రేటు పడుతది. బొమ్మలకు ఉల్టా!"

అన్నీ చెప్పాడు గానీ అసలు కారణం మాత్రం మింగేశాడు. ఆమె దగ్గర వానాకాలం బొమ్మల సెట్టులో ఐదున్నాయి. ఆరోది, ఆఖరిది ఈ కప్ప. ఇది చేతికొస్తే బమ్రోలి నుంచి ప్రతి ఆదివారం ఆటో ఎక్కి ఇక్కడికెందుకు వస్తుంది? ఆ భయంతోనే రేటు పెంచుతూ వచ్చాడు. మిగతా ఆరు రోజులూ, రాదని తెలిసి కూడా, ఆటో ఆగిన చప్పుడైతే చాలు తలెత్తి చూసేవాడు. ఆమె లేని కొట్టంటే అతనికి విసుగు పుట్టేది.

"సరే, పన్నెండే ఇస్తాను. ప్యాక్ చేయండి," అంది మైథిలి ఫోన్ తీస్తూ. "మా ప్రాజెక్టు పుణె వెళ్ళిపోతోంది. శనివారం నా రైలు."

సుమన్ మనసులోనే రేటు పెంచి చూశాడు. పదిహేనంటే? పోనీ ఇరవై అంటే? ఎంత పెంచితే మాత్రం శనివారం రైలు ఆగుతుంది?

కొట్లో చెమ్మ అని కప్పని ఇంట్లో బీరువాలో దాచి ఉంచాడు. వాళ్ళమ్మకి ఫోన్ చేసి తెమ్మన్నాడు. పావుగంటలో ఎల్లవ్వ కొంగు చాటున డబ్బా పట్టుకుని వచ్చింది. డబ్బా మూత తెరిచి ఉంది.

"అమ్మా! సీల్ దీసినవా?"

"తియ్యకుంట?" అంది ఎల్లవ్వ. కార్ఖానాలో నేసిన బట్టని రోజంతా విప్పి మరకలు, తెగిన పోగులు వెతకడం ఆమె పని. "మాల్ ఇప్పి సూడకుంట ఎవ్వలన్న అమ్ముతరా? పాపం, పిల్ల పైసలిస్తున్నది. అంతా సూసిన బిడ్డా, ఒక్క మరక లేదు."

సుమన్ తల పట్టుకున్నాడు. మైథిలి ఫక్కున నవ్వింది.

"సీల్ పోయిందిగా? అయితే సగం రేటే!"

"రేటుదేముంది బిడ్డా, మొన్న ఒకడు పది వేలు పట్కొని ఇంటికే వచ్చిండు. ఐతారం ఒకామె వస్తది, నీకియ్య అని వీడు ఎల్లగొట్టిండు." ఎల్లవ్వ ఆమెని ఎగాదిగా చూసింది. "గా ఐతారం పిల్లవు నువ్వేనా?"

మైథిలి సుమన్ వైపు తిరిగింది.

"మరి రేటెందుకు పెంచారు?" మైథిలి మెల్లగా అడిగింది.

"కొంటె మళ్ల రారు గదా." సుమన్ తల దించుకున్నాడు. "మీరంటె నాకు శాన ఇష్టం. ఎట్ల ఆపాల్నో తెల్వక రేటు పెంచుకుంట పోయిన."

"నాకు జీతం లేదనుకున్నావా? మొదటి వారమే ఎనిమిది వేలూ ఇచ్చేసేదాన్ని," అంది మైథిలి. కళ్ళలో నీళ్ళు, పెదాల మీద నవ్వు. "ఇన్ని ఆదివారాలు బేరం ఎందుకాడాననుకున్నావ్, మొద్దూ?"

ఎల్లవ్వ ఉన్నట్టుండి అరలోని కవర్లు సర్దడం మొదలుపెట్టింది.

మైథిలి డబ్బాలోంచి కప్పని తీసింది. దాని చేతిలోని వేలెడంత పసుపు గొడుగుని ఊడదీసి పర్సులో వేసుకుంది.

"అయ్యో! గొడుగు లేకుంటె ఇంగ ఎవ్వడు కొనడు!"

"కొనకూడదనేగా! దీపావళికి మీ కార్ఖానాలన్నీ బంద్. అందరూ ఊళ్ళకి పోతారు. నువ్వు పుణె రా. దీన్ని తీసుకుని."

శనివారం రైలు వెళ్ళిపోయింది.

ఆదివారం మళ్ళీ వాన. ఆటో ఆగిన చప్పుడుకి సుమన్ ఎప్పటిలాగే తలెత్తాడు. దిగింది ఎవరో కుర్రాడు. అరలో ఖాళీ చెయ్యి పైకెత్తి నిలబడ్డ కప్పని చూసి, గొడుగు లేదు కాబట్టి చవగ్గా ఇస్తావా అని హిందీలో అడిగాడు.

"గొడుగు పుణెలో ఉంది భాయ్," అన్నాడు సుమన్ తనూ హిందీలోనే. "దీపావళికి ఇది కూడా అక్కడికే పోతుంది."