పాచిరంగు మొహం

ఆ మేడ కిటికీలో మీరేం చూశారో ముందు చెప్పండి. చూసీ చూడనట్టు తలొంచుకుని పోవడం కాదు. తెల్లటి మొహమా? పాచిరంగు మొహమా?

రామచంద్రపురం కాలువగట్టు మీద పోయేవాళ్ళందరికీ ఆ మేడంటే హడలే. కింద మూతపడ్డ ఫోటో స్టూడియో. పాతరోజుల్లో శాంతికుమార్ అని ఒకాయన నడిపాడు. బతికుండగా ఫోటో దిగని మనిషెవరైనా పోతే, కబురు రాగానే కెమెరా భుజానేసుకుని ఆ ఇంటికి పోయేవాడు. ఆయన తీసినవాళ్ళంతా అక్కడే తిరుగుతున్నారని ఊళ్ళో మాట. సందెవేళ మేడ కిటికీలో ఆడమనిషి మొహం కనబడుతుందట... రెప్ప వెయ్యదట.

ఎవడో ఒకడు కూయడం, పదిమంది పరిగెత్తడం! బస్తాలు మోసి బతికినవాణ్ణి నేను. నన్ను ఏడిపించినవాళ్ళంతా బతికున్నవాళ్ళే. చచ్చినవాడు ఒక్కడూ నా జోలికి రాలేదు. అందుకే మెట్లెక్కి అడిగాను. అక్కడ అద్దెకుంటున్న హారతి ఏం చెప్పిందో అదే మీకు చెబుతున్నాను.

హారతి పిల్లలకి ట్యూషన్లు చెబుతుంది. తోడుగా పిన్ని సుభద్రమ్మ. హారతిని కన్న వెంటనే తల్లి మాణిక్యాంబ పోతే, పెంచింది ఈ పిన్నే. తల్లిది ఒక్కటే ఫోటో, నలుపు తెలుపుది. నల్లగుడ్డ ముందు కుర్చీలో కూచుని, తిన్నగా చూస్తూ ఉంటుంది. ఆ చూపే హారతికి అమ్మ.

మొన్న వానలకి గోడ చెమ్మెక్కి ఆ ఫోటో పాడవసాగింది. తెల్లారితే తద్దినం. ఉన్నంతలో స్కాన్ చేసి, ట్యూషన్ కాగితాలు తీసే ఇంక్‌జెట్ ప్రింటరు మీదే ప్రింటు తీసింది. బల్బు కింద బాగానే ఉంది. ఆరడానికి బయటికి తెరిచిన కిటికీ రెక్కకి క్లిప్పు పెట్టి వెనక్కి తిరిగి చూస్తే —

తల్లి మొహం పాచిరంగు.

"పిన్నీ... అమ్మ రంగు మారుతోంది."

"మారదుటే మరి! ఇన్నాళ్ళూ అద్దం వెనకాల ఉంది. గాలి తగిలింది," అంది సుభద్రమ్మ. కానీ నవ్వలేదు. చిన్నప్పుడే గడ్డిమిషన్లో పడి వంకరపోయిన చిటికెన వేలికి కొంగు చుట్టుకుంటూ, దగ్గరికి కూడా రాలేదు. "ఇంక చాల్లేవే. పాతదానికే దండ వేద్దాం."

హారతి వినలేదు. కారణం పట్టుకుంది. ఆ ప్రింటరు బూడిదరంగుని నల్లసిరాతో మాత్రమే వెయ్యదు. నీలం, ఎరుపు, పసుపు కూడా కలుపుతుంది. ఆ కలగలుపు బల్బు కింద బూడిదలా ఉంటుంది, పగటి వెలుగులో పచ్చబడుతుంది. మీరు చూసి పరిగెత్తిన దెయ్యం అదే!

నల్లసిరా ఒక్కటే వాడి మళ్ళీ తీసింది. పచ్చదనం పోయింది గానీ నీడలన్నీ మసిముద్ద. అప్పుడు తెలుపు నుంచి నలుపు దాకా మెట్లుమెట్లుగా ఒక పట్టీ ప్రింటు తీసి, కిటికీ దగ్గర చూసుకుంటూ, ఏ మెట్టుకా మెట్టు విడిగా కనబడేదాకా సిరా సరిచేసింది. అమ్మ ఉన్నది ఉన్నట్టు రావాలి... అంతే.

సందె పడుతోంది. ప్రింటరు గీరుకుంటూ కాగితాన్ని తోస్తోంది. పాపిట వచ్చింది. నుదురు వచ్చింది. కళ్ళు —

మూసి ఉన్నాయి.

మూసిన రెప్పల మీద, బ్రష్షుతో దిద్దిన కనుగుడ్లు...

కాగితం ఇంకా వస్తూనే ఉంది. వెనకున్న నల్లగుడ్డలో నలుపు నుంచి నలుపు విడిపోయింది. అందులోంచి, మెడకి ఇటొకటి, అటొకటి — రెండు చేతులు. తల వాలిపోకుండా పట్టుకుని.

ఒక చేతికి చిటికెన వేలు వంకర.

"అమ్మ పోయాక తీశారా, పిన్నీ?" గుసగుసగా అడిగింది.

సుభద్రమ్మ నేల మీద కూలబడింది. "అసలు ఫోటోయే లేకపోతే నీకు అమ్మని ఎలా చూపించనే? అక్క తల నిలవట్లేదు. గుడ్డ వెనకాల నుంచుని నేనే పట్టుకున్నా. కళ్ళు శాంతికుమార్ గారు పెట్టారు... నిన్నే చూస్తోందని నీతో అబద్ధమాడాను."

హారతి ఏడుస్తూ పిన్ని చేతులు రెండూ పట్టుకుంది. "ఈ రెండు చేతులేగా పిన్నీ నన్ను పెంచింది."

సుభద్రమ్మ అప్పుడు చూసింది ప్రింటు వైపు. చూసి... చేతులు లాగేసుకుంది.

"రెండేంటే? నేను పట్టుకుంది ఒక్క చేత్తోనే. రెండో చంకలో నువ్వున్నావు... గుక్కపట్టి ఏడుస్తున్నావు."

శాంతికుమార్ కెమెరా దగ్గర ఉన్నాడట. ఆ గదిలో ఇంకెవరూ లేరట.

ఆ ప్రింటు నేనూ చూశాను, పట్టపగలు, కిటికీ దగ్గర పెట్టి. పచ్చదనం లేదు. మసి లేదు. వేళ్ళ గోళ్ళు కూడా లెక్కపెట్టొచ్చు.

దెయ్యాన్ని చూశామని పరిగెత్తారుగా — మీరే చెప్పండి. ఆ రెండో చెయ్యి ఎవరిది?