మూలగదిలో ముక్కలు పంచేదెవరు?

ఆ ప్రింటింగు ప్రెస్సులో మూలగదికి చెడ్డపేరుంది. అక్కడ కూర్చుని నోరు విప్పకూడదంటారు. విప్పితే... అది వింటుందట.

అది అంటే పాత కంప్యూటరు. అందులో ఒక పేకాట ఉంది. ‘కొత్త ఆట’ అని నొక్కితే చాలు, ముక్కలు వాటంతటవే వరసలుగా పంచుకుంటాయి.

ఒకరోజు బైండింగులో పనిచేసే ఆడవాళ్ళిద్దరు సరదాకి దాని ముందు కూర్చున్నారు. నొక్కారు. ముక్కలు టపటపా పడ్డాయి. రెండోసారి నొక్కి, ఒకావిడ తోటికోడలి సంగతేదో ఎత్తుకుంది. అంతే... ముక్కలు నెమ్మదించాయి. ఒకటి... ఆగి... ఇంకొకటి. భయపడి మాట ఆపేశారు. కాసేపటికి మళ్ళీ టపటపా!

ఇద్దరూ చెప్పులు కూడా వేసుకోకుండా పరుగు తీశారు.

అప్పటికి పేజీలన్న పోయి రెండు నెలలైంది. తొమ్మిదేళ్ళు ఆ కుర్చీలోనే కూర్చుని, ఆ కంప్యూటరులో పుస్తకాలకి పేజీలు కట్టిన మనిషి. భోజనాల వేళ పేకాట తప్ప వేరే వ్యసనం లేదు, పెళ్ళామంటే ప్రాణం. ఆ కుర్చీ ఇప్పుడు వాళ్ళావిడకిచ్చారు. ప్రెస్సులో అందరూ ఆమెని వదిన అనే పిలుస్తారు.

ఇదంతా నాకు మా బావమరిది చెప్పాడు. కంప్యూటర్లు బాగుచేస్తాడు, ఆ ప్రెస్సు మిషన్లన్నీ వాడి చేతిమీదే నడుస్తాయి. దెయ్యాలకి రాత్రే కావాలని ఎవరు పుట్టించారో గానీ, ఈ దెయ్యం మాత్రం పట్టపగలు ఒంటిగంటకి వచ్చేది.

బైండింగు వాళ్ళ కబురు వదిన చెవిన పడింది. అందరూ ఆ గదివైపు వెళ్ళడం మానేస్తే, ఆమె తలుపు దగ్గరగా వేసుకుని మరీ కూర్చుంది. నొక్కింది. టపటపా.

మళ్ళీ నొక్కి, మెల్లగా అడిగింది.

“ఏమండీ... మీరేనా?”

ముక్కలు నెమ్మదించాయి. ఒకటి... ఆగి... ఇంకొకటి.

ఆమె చాలాసేపు ఏడ్చింది. తర్వాత కళ్ళు తుడుచుకుని ఒక ఏర్పాటు చేసుకుంది. “చూడండీ, నేనడిగినదానికి అవునైతే ఇలాగే మెల్లగా పంచండి. కాదంటే గబగబా పంచేయండి. సరేనా?”

మెల్లగా... చాలా మెల్లగా పడ్డాయి.

అప్పుడు అడిగింది, రెండు నెలలుగా ఎవరినీ అడగలేక లోలోపలే నలుగుతున్న మాట. “ఆ రాత్రి మీరు ఛాతీ నొప్పన్నారు. నేను గ్యాసే అనుకుని మాత్ర ఇచ్చి పడుకోమన్నాను. అప్పుడే ఆసుపత్రికి తీసుకెళ్తే బతికేవారు కదూ? నా వల్లే కదూ మీరు పోయింది?”

ఒకటి... ఆగి... ఇంకొకటి.

అవును.

ఆ రోజు నుంచి రోజూ అదే ప్రశ్న. ఎప్పటికైనా కాదంటాడేమోనని ఆశ. ఒక్కసారి కాదంటే చాలు, ఇంటికెళ్ళి కడుపునిండా తిని పడుకుంటుంది. కానీ ముక్కలు ఏ రోజూ కాదనలేదు. మనిషి సగమైపోయింది.

“పాపం, అంత ప్రేమగా ఉండేవాడన్నావే! చచ్చాక కూడా పెళ్ళాన్ని ఇలా సాధిస్తాడా?” అన్నాను.

మా బావమరిది తల దించుకున్నాడు. “పేజీలన్న కాదు బావా... అది నేను పెట్టిన మైకు.”

నాకేమీ అర్థం కాలేదు. అప్పుడు విడమరిచి చెప్పాడు.

ఆ ప్రెస్సులో పరీక్ష పేపర్లు అచ్చువేస్తారు. ఆ ప్రశ్నలు ఎవరో ముందే బయటికి చెబుతున్నారని ఈమధ్య ఓనరుకి అనుమానం. గదిలో మాటలు రికార్డయ్యేలా ఆ కంప్యూటరులో ఏర్పాటు చేయమన్నాడు, వీడు చేశాడు. మాట వినబడగానే రికార్డరు దానంతటదే మొదలవుతుంది. మాట ఆగితే కాసేపటికి ఆగిపోతుంది.

ఆ పేకాట మరీ పాతకాలంది. నిమిషానికిన్ని ముక్కలని దానికంటూ లెక్కేమీ లేదు. మిషనుకి ఎంత తీరికుంటే అంత వేగంగా పంచుతుంది. రికార్డరు మొదలైతే ముసలి మిషనుకి రెండు పనులు. ఆట నీరసపడుతుంది.

అంటే ఆమె నోరు విప్పడం వల్లే ముక్కలు నెమ్మదించేవి. ఏమడిగినా అవుననే వచ్చేది. “మీరు బతికే ఉన్నారా?” అన్నా అవుననే వచ్చేది!

“మరి ఇదంతా నీకెలా తెలిసిందిరా?”

“సాయంత్రాలు ఓనరు, నేను కూర్చుని వినేవాళ్ళం బావా...”

విని నవ్వుకునేవాళ్ళట. పేపర్ల దొంగ సంగతి ఓనరు ఎప్పుడో మర్చిపోయాడు. “టీవీ సీరియలు దీనిముందు ఎందుకు పనికొస్తుందయ్యా! దాన్ని మాత్రం తీయకు” అనేవాడట. మొదట్లో మా వాడూ నవ్వాడు. దాచుకోకుండా ఒప్పుకున్నాడులెండి, అదొక్కటే వాడిలో మెచ్చుకోవాల్సింది.

కానీ రానురాను ఆమె ముఖం చూడలేకపోయాడు. నిజం చెబుదామంటే ఓనరు ఊరుకోడు, ఉద్యోగం ఊడుతుంది. అందుకని ఓ ఉపాయం పన్నాడు. ఒక్కరోజు రికార్డరు ఆపేస్తే సరి. ఆమె ఎప్పటిలాగే ‘నా వల్లేనా’ అని అడుగుతుంది. ముక్కలు గబగబా పడతాయి. కాదు! దాంతో ఆమె మనసు కుదుటపడుతుంది.

ఒంటిగంటకి పది నిమిషాల ముందు రికార్డరు ఆపేశాడు. కాగితం కట్టల చాటున, తలుపుకి ఇవతల, సందులోంచి కనబడేలా నిలబడ్డాడు.

వదిన వచ్చింది. కూర్చుంది. కుర్చీ ముందుకి జరుపుకుంది.

తర్వాత... మెల్లగా...

“ఇన్నాళ్ళూ అవునంటూనే ఉన్నారు. మీ మాటే నిజం, నా వల్లే పోయారు. ఒప్పుకున్నానండీ. ఇంక అది అడగను.”

మా వాడు లెక్కవేసుకున్న మాట ఇది కాదు.

“ఇవాళ ఒక్కటే అడుగుతాను... నన్ను క్షమించారా?”

నొక్కింది.

టపటపటపటపా!

ఆమె మళ్ళీ నొక్కింది. “ఒక్కసారి సరిగ్గా వినండి... క్షమించారా?”

టపటపటపటపా!

మూడోసారి అడగలేదు. “సరేనండీ” అంది. అంతే. లేచి, గోడకున్న స్విచ్చి ఆపేసి, మా వాడి పక్కనుంచే నడిచి వెళ్ళిపోయింది. వీణ్ణి చూడను కూడా చూడలేదు.

“ఒరేయ్, పది అడుగుల దూరంలో ఉన్నావు కదరా! అప్పుడైనా చెప్పి చావొచ్చు కదరా!” అని అరిచాను.

“నోరు రాలేదు బావా.”

ఓనరుకి భయపడి ఆ సాయంత్రమే రికార్డరు మళ్ళీ పెట్టేశాడు. మూడు వారాలైంది. అందులో ఒక్క మాట లేదు. ఓనరుకి తోచడం లేదు. “ఏమయ్యా, ఏమీ వినబడటం లేదేంటి? మైకు పాడైందేమో చూడు” అన్నాడట.

వెళ్ళి చూశాడు. మైకు బాగానే ఉంది.

నిన్న వదిన వాళ్ళ అత్తగారు ప్రెస్సుకి ఫోను చేసిందట. మా వాడే ఎత్తాడు.

“బాబూ, అక్కడ మా కోడలిని ఎవరైనా ఏమైనా అన్నారా? మూడు వారాలైంది... ఇంట్లో కూడా ఒక్క మాట మాట్లాడటం లేదు.”