చెమట పట్టిన సీలింగ్

కూలింగ్ ఇంజనీర్ శవం కారిడార్‌లో, వాల్వుల పెట్టె ముందు బోర్లా పడి ఉంది. గుండెపోటని డాక్టర్ రాసిచ్చేశాడు. మెడ మీద సూది మచ్చ సంగతి అడిగితే దోమకాటన్నాడు.

“దోమకి అంత పెద్ద సూది ఎవరిచ్చారు సార్?” అన్నాడు ఏజెంట్.

డిపార్ట్‌మెంట్ అతనికి ఒక కోడ్ పేరు పెట్టింది గానీ అది ఎవరికీ గుర్తులేదు. అందరూ వెటకారం అనే పిలిచేవారు. అతను రెండు రకాలవాళ్లనే గౌరవించేవాడు: పని తెలిసినవాళ్లని, చచ్చిపోయినవాళ్లని. ఈ ఇంజనీర్ ఆ రెండు లెక్కల్లోకీ వచ్చాడు.

బాస్ గొంతు తగ్గించాడు. “రేపు పొద్దున ఈ బిల్డింగ్‌లోనే సరిహద్దు ఒప్పందం. రెండు దేశాల మంత్రులూ వస్తున్నారు. ఒక విదేశీ ముఠాకి అది ఇష్టం లేదు. ఆయుధాలు అమ్ముకునే గ్యాంగ్. యుద్ధం ఆగిపోతే వాళ్ల కొంప మునుగుతుంది.”

“ఇన్ని బిల్డింగులుండగా ఇదే ఎందుకు?”

“సెక్యూరిటీవాళ్లకి తెగ నచ్చింది. ఏసీ డక్టులు లేవు. సీలింగ్‌లో, నేలలో, గోడల్లో సన్నటి గొట్టాలుంటాయి. వాటిలో చల్లటి నీళ్లు తిరుగుతుంటే గది దానంతటదే చల్లబడుతుంది. చప్పుడు లేదు, మనిషి దూరే సందు లేదు.”

“సందు లేదని చంకలు గుద్దుకున్నారన్నమాట. మరి హంతకుడు ఎటునుంచి వచ్చాడు, కుళాయిలోంచా?”

బాస్ ఆ మాట విననట్టే ఒక కళ్లద్దాల పెట్టె చేతిలో పెట్టాడు. “థర్మల్ గ్లాసెస్. వేడి ఎర్రగా, చల్లదనం నీలంగా కనిపిస్తుంది. లోపల మన మనిషి ఒకామె ఉంది, ముఠా దగ్గర కూడా జీతం తీసుకుంటుంది. కోడ్ మాట, గోడకి జ్వరం వచ్చింది.”

“ఇది కోడా, మందుల చీటీయా?” అనుకుంటూ బయటపడ్డాడు వెటకారం.

మర్నాడు నీలం ఓవరాల్ తొడుక్కుని, టూల్‌కిట్ భుజాన వేసుకుని, కొత్త మెకానిక్‌గా డ్యూటీలో చేరాడు. బిల్డింగ్ మేనేజర్ కంటే ముందు అతని సెంటు వాసన గదిలోకి వచ్చింది.

“ఏదీ ముట్టుకోకు. అన్నీ కంప్యూటర్ చూసుకుంటుంది,” అన్నాడు మేనేజర్, టై సవరించుకుంటూ.

“మరి నేనెందుకు సార్?”

“రూల్స్ ప్రకారం ఒకడుండాలి.”

ఇంత మెరిసే బూట్లు వేసుకున్నవాడు పంపు రూమ్ గడప ఎప్పుడూ తొక్కి ఉండడని వెటకారానికి అర్థమైపోయింది.

కాసేపటికి ఎత్తు మడమల చప్పుడు వినిపించింది. హాళ్లను అలంకరించిన ఇంటీరియర్ డిజైనర్. నల్లటి పట్టు గౌను, చూపు తిప్పుకోనివ్వని నవ్వు.

“అన్నయ్యా, ఒకసారి పక్క హాలుకి వస్తావా? గోడకి జ్వరం వచ్చింది.”

వెటకారం మొహం మాడిపోయింది. ఇంతవరకూ అందగత్తెలు అతనికి విషం ఇచ్చారు, తుపాకీ గురిపెట్టారు. ఎవరూ అన్నయ్యా అనలేదు. పైగా ఈమెకి ముఠా దగ్గర ఒక జీతం, డిపార్ట్‌మెంట్‌లో ఒక జీతం. డబుల్ ఏజెంట్లంటే అతనికి ఒళ్లుమంట.

“నిజం చెప్పేది ఏ జీతానికి?”

“మేనేజర్ మనవైపే చూస్తున్నాడు, తొందరగా విను. మీటింగ్ మధ్యలో సీలింగ్ కారిస్తారట. పక్క హాలు గోడలో కూడా ఏదో తేడాగా ఉంది.”

“కారిస్తే ఏమొస్తుంది? మీ ముఠావాళ్లు గొడుగులు అమ్ముకుంటారా?”

ఆమె పెదవి కొరుక్కుని వెళ్లిపోయింది. అతను తన తెలివికి తనే మురిసిపోయి పక్క హాలు వైపు కన్నెత్తి కూడా చూడలేదు.

మంత్రులు వచ్చారు. చేతులు కలిపారు, ఫొటోలు దిగారు. స్వదేశపు మంత్రి పెన్ను మూత తీశాడో లేదో, బట్టతల మీద చినుకు పడింది. తలెత్తి చూస్తే తెల్లటి సీలింగ్ నిండా ముత్యాల్లా నీటిబొట్లు.

వెటకారం కంట్రోల్ స్క్రీన్ దగ్గరికి పరుగెత్తాడు. ఎవరో బయటి తేమగాలిని లోపలికి వదిలి, గొట్టాల్లో నీళ్లని మరీ చల్లబరిచారు. ఐస్ వాటర్ గ్లాసుకి పట్టినట్టే సీలింగ్‌కి చెమట పట్టింది. మార్చబోతే పాస్‌వర్డ్ అడిగింది.

మైకులో మేనేజర్ గొంతు వినిపించింది. “క్షమించాలి. పక్క హాలు రెడీగా ఉంది, దయచేసి అందరూ అటు రండి.”

అందరినీ అటు మళ్లించడమే అసలు పన్నాగమని వెటకారానికి అప్పుడు వెలిగింది. సెక్యూరిటీ కుక్కలు బాంబు కోసం వాసన చూసింది మీటింగ్ పెట్టిన ఈ పెద్ద హాలునే. పక్క హాలుని ఎవరూ పట్టించుకోలేదు. డిజైనర్ నోరు విప్పి చెబితే తనూ పట్టించుకోలేదు. జీవితంలో మొదటిసారి అతనికి ఇంకొకరి మీద కాక తన మీదే అసహ్యం వేసింది.

పక్క హాలులోకి దూసుకెళ్లి కళ్లద్దాలు పెట్టుకున్నాడు. గోడ మీద చల్లటి గొట్టాల నీలిగీతలు మెలికలు తిరుగుతున్నాయి. మంత్రుల కుర్చీల వెనక మాత్రం ఆ గీతలు తెగిపోయి ఉన్నాయి. అక్కడ పెద్ద పళ్లెమంత ఎర్రటి మచ్చ.

గొట్టం కోశారు, కొసలకి బిరడాలు బిగించారు, ఆ ఖాళీలో బాంబు పెట్టి పైన పూత పూశారు. ఈ గోడలోకి నీళ్లు సరిగ్గా వెళ్లడం లేదని ఇంజనీర్ కనిపెట్టాడు. అందుకే వాల్వుల దగ్గర ప్రాణం పోగొట్టుకున్నాడు.

మంత్రులు గుమ్మంలోకి వచ్చేశారు. కారిడార్ చివర మేనేజర్ జేబులోంచి చిన్న రిమోట్ తీశాడు.

“అయ్యో, మడమ విరిగింది! పట్టుకోండి!” డిజైనర్ వెళ్లి అతని చేతి మీద పడింది.

“లే! ఇదేనా సమయం?” మేనేజర్ విదిలించుకుంటున్నాడు.

ఆ కాస్త వ్యవధి చాలు. వెటకారం వాల్వుల పెట్టె తెరిచి, మిగతావన్నీ మూసి, పంపు ఒత్తిడంతా ఆ ఒక్క గోడకి వదిలాడు. గోడ గుడగుడమంది. పూత ఉబ్బింది. బిరడాలు ఊడి, చల్లటి నీళ్లు ఎగజిమ్మి, బాంబునీ స్వదేశపు మంత్రినీ కలిపి తడిపేశాయి.

మేనేజర్ ఆమెని తోసేసి బటన్ నొక్కాడు. గోడ బుడబుడమంది. మళ్లీ నొక్కాడు.

“ఇంకోసారి నొక్కండి సార్, లిఫ్ట్ వస్తుందేమో,” అన్నాడు వెటకారం.

అప్పటికే డిజైనర్ పిస్టల్ మేనేజర్ చెవికి ఆనింది. వెటకారం ఆమె దగ్గరికెళ్లి తలదించుకున్నాడు. “పొద్దున నీ మాట వినాల్సింది. తప్పు నాదే.” ఆమె రెండో చేత్తో చెదిరిన జుట్టు సవరించుకుంది.

నిలువునా తడిసిన మంత్రికి ఓవరాల్ వేసుకున్న మనిషి ఒక్కడే కనిపించాడు. “ఒక్క గోడ సరిగ్గా చూసుకోలేవా? వీణ్ణి ఈ క్షణమే ఉద్యోగంలోంచి పీకెయ్యండి!” అని అక్కడికక్కడే కాగితం తెప్పించుకున్నాడు.

ఆ తర్వాత ఒప్పందం బయట పచ్చిక మీద, ఎండలో జరిగింది.

సాయంత్రం బాస్ ఫోన్ చేశాడు. “శభాష్! ఏం కావాలో అడుగు.”

“ఇంజనీర్ సర్టిఫికెట్‌లో గుండెపోటు కొట్టేయించండి సార్. అతనెలా పోయాడో భార్యాపిల్లలకి తెలియాలి.”

“చేయిస్తాను. అన్నట్టు, నిన్ను పీకేస్తూ మంత్రిగారిచ్చిన ఆర్డర్ నా టేబుల్ మీద ఉంది. చింపెయ్యనా?”

“వద్దు సార్, ఫ్రేము కట్టించండి. ప్రాణం దక్కాక ఆయన పెట్టిన మొదటి సంతకం అదే. శాంతి ఒప్పందానిది రెండోది.”