తియ్యబావి కావలి

ఈ కథలో ముందుది వెనక్కి, వెనకది ముందుకి పోయినా పోవచ్చు. మనసులో నిలిచి ఉండగానే చెప్పేస్తున్నాను, రాసుకో కాత్యాయనీ.

తూర్పు సముద్రంలో, తీరం నుంచి చూసేవారికి నిద్రపోతున్న తాబేలులా అగుపించే మొగలిదీవిని ఆ నడివేసవిలో శత్రువుల ఓడలు వలయంగా చుట్టుముట్టాయి. కోటగోడల మీద ధ్వజాలు ఎగురుతూనే ఉన్నాయి, గాదెలు నిండుగానే ఉన్నాయి, కరువల్లా నీటికే. దీవి మొత్తానికి మంచినీళ్ళ బావి ఒక్కటే, తియ్యబావి. వానాకాలంలో ఇసుకలోకి ఇంకిన నీరు, అడుగునున్న ఉప్పునీటి మీద, పాలమీద మీగడలా పలుచగా తేలి ఉండేది. అందుకే తాతలనాటి నుంచి అందులో ఎవరూ చేద వేసి ఎరగరు. మెట్లు దిగి కొబ్బరిచిప్పతో పైపైన ముంచవలసిందే. బావి తాళంచెవి ఎవరి మొలలో ఉంటే వారి ఇంటికి నీళ్ళు అందరికన్నా ఆఖరున. అది ఆ దీవి కట్టుబాటు.

ఆ తాళంచెవి సేనాని ఎర్రపోతనాయకుడి దగ్గర ఉండేది.

వరుసలో నిలబడ్డ ఆడవాళ్ళు అంత దాహంలోనూ వేళాకోళం మానలేదు. “చిప్పతో అలా నిమురుతావేం నాయకా? బావికి నిద్ర చెడుతుందా?” అనేది ముసలి బెస్తవనిత గంగసాని.

“బావికి కాదవ్వా, కిందనున్న సవతికి. అది లేచిందంటే మనల్ని బతకనివ్వదు.”

“ముందు నీ ఇల్లాలిని చూసుకో. ఆఖర్న ఎలా వడిలిపోయి నిలబడిందో! ఆమెకంటే ముందు నా మేక తాగింది.”

నాయకుడి భార్య మాచమ కూడా నవ్వేది. కొన్నాళ్ళకు ఆమెకు జ్వరం తగిలి, వరుసలో నిలబడడం నాయకుడి వంతైంది.

ఒకనాడు యువరాజు... కాదు కాదు, సాక్షాత్తు రాజే, ఇంకా నూనూగు మీసాలైనా ముదరని వల్లభరాజు, వీధిలో పెదవులు పగిలిన ఒక పసిబిడ్డను చూసి కంటతడి పెట్టుకున్నాడు. మంత్రి కేశవామాత్యుడు ఆ అదను కోసమే కాచుకొని ఉన్నాడు. నిండు సభలో లేచి ఇలా అన్నాడు:

“మహాప్రభూ! బావిలో నీరు గలగలమనుచుండగా ప్రజల నాలుకలు పిడచగట్టుచున్నవి. చిప్పలతో కొలిచి పోయుట రాజధర్మమా, పిసినారితనమా? ఎడ్లను కట్టి మోట తోలించండి. రేపే తమ పేరు ఇంటింట మారుమోగును.”

ఎర్రపోతనాయకుడు మోకరిల్లాడు. “ప్రభూ! అడుగున గలగలమనునది మన నీరు కాదు, సముద్రము. బలముగా తోడినచో అది పైకి లేచును. లేచినదానిని దింపుట మన తరము కాదు. వానలకు ఇక ఎంతో దూరము లేదు. అంతవరకు ప్రజలు నన్ను తిట్టిన తిట్టనీయండి.”

“నాయకుడు కాపాడుచున్నది నీటిని కాదు ప్రభూ, మొలలోని తాళంచెవిని!” అన్నాడు మంత్రి.

సభలో కలకలం రేగింది. రాజుకు దయ భూషణమే, కాని ఆ రోజు ఆ దయే కొంప ముంచింది, మోట కట్టమని సెలవిచ్చాడు. నాయకుడు తాళంచెవిని సింహాసనం ముందుంచి వెనుదిరిగాడు. వాకిట్లో ఉపసేనాని సూరమరాజు చెయ్యి పట్టుకున్నాడు. “ఒక్క మాట అనండి నాయకా! మోట కట్టకముందే మంత్రి తల తెస్తాను.”

“రాజుమాట కాదని కత్తి దూస్తే, ఇక ఆ ఓడల్లో ఉన్నవాడికీ నాకూ తేడా ఏముంది?” అన్నాడు నాయకుడు.

మరునాడు మోట కిర్రుమంది. ఊరు ఊరంతా కుండలెత్తుకొని పరుగెత్తింది. పిల్లలు తలారా తడిశారు. మంత్రికి జేజేలు పలికారు. “చూశావా నాయకా, నీ సవతి మంచిదే!” అని గంగసాని కేరింతలు కొట్టింది. తాళంచెవి చేతిలో లేదు గనుక ముందుకు రమ్మన్నారు జనం. కట్టుబాటు తాళంచెవితో పోలేదంటూ ఆయన ఆఖరునే నిలబడ్డాడు. వంతు వచ్చేసరికి పొద్దు వాలింది.

మాచమ తల ఎత్తిపట్టి నీళ్ళు తాగించాడు. ఆమె కళ్ళు మూసుకొని మెల్లగా మింగింది.

“ఎలా ఉన్నాయి?”

“తియ్యగా ఉన్నాయి. మిగిలినవి పారబొయ్యండి, నాకు చాలు.”

పొద్దుటినుంచి నోట చుక్క పడని మనిషి, పారబొయ్యడానికి చేతులు రాక ఆ గుక్క తానే నోట్లో పోసుకున్నాడు. ఉప్పు. కటిక ఉప్పు.

“ఎందుకన్నావే ఆ మాట?”

“రోజంతా నిలబడి తెచ్చారు కదా,” అంది మాచమ. ఆ తరువాత ఆమె మరి మాట్లాడలేదు.

తెల్లవారేసరికి బావి అంతా ఉప్పైపోయి, దీవి అంతటా ఏడుపులే. ఆ గోలలో మంత్రి తూర్పు ద్వారం తెరిపించాడు. శత్రుసేనాని అతణ్ణి “దీవిపాలకా!” అని కౌగిలించుకోవడం బురుజు మీదినుంచి రాజు కళ్ళారా చూశాడు.

“నాయకా, నీ మాట పెడచెవిని పెట్టితిని. నా దయయే నా ప్రజల గొంతు కోసినది,” అని కుప్పకూలాడు.

అప్పటికింకా భార్య చితి చల్లారలేదు. నాయకుడు రాజును లేవనెత్తాడు. “ఏడ్చుటకు వేళ కాదు ప్రభూ. ఓడలన్నియు తూర్పునకే మూగినవి. పడమటి రేవున బెస్తల పడవలున్నవి. జనమును ఎక్కించండి. ద్వారము నాకు విడువండి.”

ఇరుకైన ద్వారంలో ఆయనా, సూరమరాజూ, కొద్దిమంది భటులూ అడ్డుగోడై నిలిచారు. పగిలిన పెదవులతో, ఎండిన గొంతులతో పోరాడారు. ఆఖరి పడవ కదిలే వేళకు వారిలో ఒక్కరూ మిగల్లేదు. ఆ పడవలో గంగసాని గుండెలు బాదుకుంటూ, “నాయకా, నీ వంతు ఇప్పుడూ ఆఖరేనా!” అని అరిచిందట.

గెలిచినవాళ్ళకు దీవి దక్కింది, నీళ్ళు దక్కలేదు. వానలు రాకముందే ఓడలెత్తుకొని వెళ్ళిపోయారు. దీవిపాలకుణ్ణి మాత్రం వెంట తీసుకుపోలేదు.

అమ్మాయీ కాత్యాయనీ, పేర్లు ఓసారి సరిచూడు. రాజు పేరూ మంత్రి పేరూ తారుమారైనా ఫరవాలేదు. ఆ ఇల్లాలు మాచమేనా? అది మాత్రం, చిన్నప్పుడు ఈ కథ నా దగ్గరే విన్న మీ నాన్ననడిగి చెప్పు తల్లీ.